చప్పట్ల మాస్టారూ, నా మొహమూ

మా బావని బస్టాండు చుట్టుపక్కల అందరూ చప్పట్ల మాస్టారు అంటారు. ఆ పేరు పెట్టింది నేనే. ఎగతాళికి పెట్టాను. ఆయన దాన్ని బిరుదనుకుని తలుపు మీద రంగుతో రాయించుకున్నాడు. ఆయన ఎలాంటి మనిషో తెలియడానికి ఈ ఒక్క ముక్క చాలు. అయినా మొదలుపెట్టాను కాబట్టి మొత్తం చెప్పేస్తాను.

ముందు నా సంగతి కాస్త. నాది తాళాల కొట్టు. బస్టాండుకి ఎదురుగా, చెప్పులు కుట్టే ఆయనకీ ఫోటోలు తీసే ఆయనకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. తాళంచెవి పోగొట్టుకున్నవాళ్ళు నా దగ్గరికి వస్తారు. వచ్చిన ప్రతివాడూ ఒక కథ పట్టుకొస్తాడు. జేబుకి చిల్లు పడిందంటాడు, భార్య ఎక్కడో పెట్టి మర్చిపోయిందంటాడు, గాలికి ఎగిరిపోయిందన్నవాడు కూడా ఉన్నాడు. "నేనే పారేసుకున్నానండీ" అన్నవాడు ఇంతవరకూ తగల్లేదు. ఆ కథలు విని విని నా మొహం ఒక రకంగా బిగుసుకుపోయింది. ఎడమ కనుబొమ్మ పైకి లేచి ఉంటుంది. మూతి ఒక పక్కకి తిరిగి ఉంటుంది. నిద్రలో కూడా మీరు ఎవర్నో నమ్మనట్టే ఉంటారని మా ఆవిడ అంటుంది. ఈ మొహం గురించి ముందే ఎందుకు చెబుతున్నానంటే, దీంతో తర్వాత పని పడింది.

మా బావ ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆ బస్టాండులోనే చేశాడు. ఒక గాజు గదిలో కూర్చుని మైకులో బస్సుల సంగతి చెప్పేవాడు. ఫలానా బస్సు వచ్చింది, ఫలానా బస్సు బయల్దేరుతోంది, ఫలానా బస్సు ఇవాళ రాదు. గొంతు మాత్రం బాగుండేది, కాదనను. కానీ ఆయన అంత స్పష్టంగా చెప్పిన మాటనే జనం వెంటనే పక్కవాణ్ణి అడిగి తెలుసుకునేవాళ్ళు. నేను కొట్లో కూర్చుని రోజూ చూసేవాణ్ణి. మైకు ఆగీ ఆగగానే బెంచీల మీద తలలన్నీ అటూ ఇటూ తిరిగేవి, "ఏమన్నాడు, ఏమన్నాడు" అని. గాజులోంచి ఆయనకీ అది కనబడేది. సాయంత్రం ఇంటికి వెళ్ళి "ఇవాళ నా గొంతు ఎలా ఉంది?" అని మా అక్కని అడిగేవాడు. "ఏ గొంతు?" అనేది మా అక్క. వాళ్ళ సంసారం అలా గడిచింది.

తర్వాత పైవాళ్ళు ఒక మిషను తెచ్చి పెట్టారు. అందులో ఎవరో అమ్మాయి గొంతు. ఆ అమ్మాయికి జలుబు చెయ్యదు, సెలవు అక్కర్లేదు. మా బావని సామాన్ల గదిలో కూర్చోబెట్టి, కొన్నాళ్ళకి రిటైరు చేశారు. వీడ్కోలు సభకి నేనూ వెళ్ళాను. ఆయన పెద్ద ఉపన్యాసం తయారుచేసుకుని వచ్చాడు. అద్దం ముందు నిలబడి వారం నుంచీ సాధన చేస్తున్నాడని మా అక్క చెప్పింది. లేచి, గొంతు సవరించుకుని, మొదటి వాక్యం చెప్పాడు. వెంటనే డ్రైవర్లూ కండక్టర్లూ చప్పట్లు మొదలుపెట్టారు. ఆగకుండా కొట్టారు. ఆయన నవ్వుతూ, దండం పెడుతూ కూర్చున్నాడు. మిగతా ఉపన్యాసం ఆయన కడుపులోనే ఉండిపోయింది.

చప్పట్లలో రెండు రకాలుంటాయి. బాగుందని కొట్టేవి ఒకటి, ఇక చాలు కూర్చోమని కొట్టేవి ఇంకొకటి. అవి రెండో రకమని ఆ గదిలో ప్రతివాడికీ తెలుసు. మా బావకి ఒక్కడికే తెలీదు. ఆ రోజు నుంచీ ఆయనకి చప్పట్ల పిచ్చి పట్టింది.

ఈ ఊరికి పనికోసం ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళకి మన భాష రాదు. ఏం చెప్పినా తలూపుతారు. ఎటు వెళ్ళమన్నా తలూపి ఇంకోవైపు వెళ్తారు. మా బావ వాళ్ళ కోసం క్లాసు పెడతానన్నాడు. "అడిగే ధైర్యం లేక కళ్ళముందే బస్సు తప్పిపోయినవాళ్ళని గాజులోంచి రోజూ చూశానోయ్. వాళ్ళకి భాష రాక కాదు, నోరు రాక" అన్నాడు నాతో. మాట బాగానే ఉంది. ఇలాంటి మాటలు ఆయన చాలా చెబుతాడు కాబట్టి నేను పెద్దగా పట్టించుకోలేదు.

బస్టాండు మేడ మీద పాత పార్సిళ్ళ గది ఒకటి ఖాళీగా ఉంది. వాన పడితే ఒక మూల కారుతుంది, అందుకే ఎవరూ అడగలేదు. డిపో మేనేజరు దాన్ని ఉచితంగా ఇచ్చాడు. వెయిటింగ్ హాలులో చేతులు విరిగిన ఇనప బెంచీలు నాలుగు పైకి ఎక్కించారు. గోడకి పాత రూట్ల బోర్డు అలాగే ఉంది, దాన్ని వెనక్కి తిప్పి నల్లరంగు పూశారు. గది నిండా డీజిలు వాసన. తాళం నేను వేసిచ్చాను. తాళంచెవిని మా బావ మొదటి వారంలోనే పారేశాడు. కుక్క ఎత్తుకుపోయిందని కథ చెప్పాడు. ఆ తర్వాత తాళంచెవి నా దగ్గరే ఉంచుకుని, సాయంత్రం గది తెరవడం, క్లాసు అయ్యాక మూయడం నా మెడకి చుట్టుకుంది. మధ్యలో కిందకీ పైకీ తిరగలేక చివరి బెంచీ మీద కూర్చునేవాణ్ణి. అందుకే ఇదంతా నాకు తెలుసు.

క్లాసు పద్ధతి ఒకటే. ఒక్కొక్కరూ లేచి ఒక వాక్యం చెప్పాలి. చెప్పగానే అందరూ చప్పట్లు కొట్టాలి. తప్పు చెప్పినా కొట్టాలి, ఒప్పు చెప్పినా కొట్టాలి. మా బావ అందరికంటే ముందు మొదలుపెట్టి అందరికంటే చివర ఆపుతాడు, మధ్యలో భేష్ అంటాడు. గోడలకి రంగులు వేసే ఆయన ఒకడు వచ్చేవాడు. మొదటిరోజే లేచి, "నాకు ఇద్దరు నిచ్చెనలు, ఒక భార్య" అన్నాడు. చప్పట్లు. బేకరీలో పిండి కలిపే ఆయన లేచి, "నేను పొద్దున్న పిండి, సాయంత్రం నిద్ర" అన్నాడు. చప్పట్లు. బస్సులు కడిగే ఆయన లేచి ఏమన్నాడో నాకే కాదు, ఎవరికీ అర్థం కాలేదు. అతనికి అందరికంటే ఎక్కువ చప్పట్లు.

"తప్పు దిద్దరేం బావా?" అని అడిగాను.

"దిద్దితే నోరు మూసుకుంటారోయ్. ముందు ధైర్యం రానీ. ధైర్యం వస్తే భాష దాని వెనకాలే వస్తుంది."

"నిచ్చెన కూడా భార్య వెనకాలే వస్తుందా?"

"నీకు వెటకారం తప్ప ఇంకోటి రాదు" అన్నాడు. అది నిజమే.

అక్కడే ఒకావిడ ఉండేది. ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే చోట పని. ఆవిడని అందరూ దుప్పట్లావిడ అనేవాళ్ళు. సబ్బునీళ్ళలో నాని నాని వేళ్ళ చివర్లు తెల్లగా పాలిపోయి ఉండేవి. తలుపు పక్క బెంచీ చివర, ఒళ్ళో సంచీ పెట్టుకుని, ఏ క్షణాన్నైనా లేచి పారిపోయేలా కూర్చునేది. తన వంతు రాగానే బెల్లం కొట్టిన రాయిలా ఉండిపోయేది. మా బావ బతిమాలేవాడు, నవ్వించేవాడు, ఆవిడ కిమ్మనేది కాదు. ఇలా చాలా రోజులు గడిచాక ఒక సాయంత్రం, తన వంతు కాకుండానే, "కిటికీ మూయండి. చలి" అంది. గది మొత్తం చప్పట్లతో మారుమోగింది. లోపలికి ఎవరైనా పెద్దమనిషి వచ్చాడేమోనని ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. అంత సంబరంలో కిటికీ మూయడం ఎవరికీ గుర్తులేదు. చివరికి ఆవిడే లేచి మూసుకుంది.

ఆ తర్వాత ఆవిడ మాట్లాడసాగింది. నిజం చెప్పాలంటే అందరూ మాట్లాడసాగారు. కానీ ఎలా మాట్లాడేవాళ్ళు? ఒక వాక్యం చెప్పడం, ఆగడం, చప్పట్లు అందుకోవడం, అటూ ఇటూ చూసి నవ్వడం, ఇంకో వాక్యం చెప్పడం. మేకు మీద సుత్తి దెబ్బల్లా, ఒకటి పడ్డాక ఆగి ఇంకొకటి. ఒకరు చెప్పిందాన్ని ఇంకొకరు ఏమీ అడగరు. ఎందుకడుగుతారు, చప్పట్లు కొట్టేశాక దాని పని అయిపోయినట్టేగా. ఇది మాట్లాడటం కాదు, వేలంపాట అని నేను అంటే, మా బావ నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ నాలుగు రోజులూ హాయిగా గడిచాయి.

ఇంతలో ఆసుపత్రివాళ్ళు దుప్పట్లని బయట ఏదో కంపెనీకి ఇచ్చి ఉతికించాలని నిర్ణయించారు. ఉతికేచోటు మూసేస్తారు. అక్కడి పనివాళ్ళంతా రోడ్డున పడతారు. మిగిలింది ఒకే దారి. వార్డు గుమ్మం దగ్గర కూర్చునే ఉద్యోగానికి ఒక మనిషి కావాలి. రోగుల బంధువులు వస్తే ఎప్పుడు లోపలికి వెళ్ళాలో, డాక్టరు ఎప్పుడొస్తాడో చెప్పాలి, కంగారు పడేవాళ్ళకి నచ్చజెప్పాలి. నోటితో చేసే పని. దుప్పట్లావిడ దరఖాస్తు పెట్టింది. ఆ ఉద్యోగం రాకపోతే ఆవిడ కూతుర్ని బడి మాన్పించి, మూటాముల్లె సర్దుకుని, పని దొరకదని వదిలేసి వచ్చిన చోటికే తిరిగి వెళ్ళాలి. ఈ సంగతి ఆవిడే క్లాసులో చెప్పింది, వాక్యం తర్వాత వాక్యంగా. ప్రతి వాక్యానికీ చప్పట్లు కొట్టారు. "మా అమ్మాయి బడి మానాలి" అన్నదానికి కూడా కొట్టారు. నాకు ఒళ్ళు మండింది.

ఇంటర్వ్యూ ముందురోజు క్లాసంతా ఆవిడ చేత చెప్పించారు. తన గురించి, తన పని గురించి, తనకి ఈ ఉద్యోగం ఎందుకు కావాలో. ఒక్కొక్క ముక్కకీ పైకప్పు లేచిపోయేలా చప్పట్లు. ఆవిడ మొహం వెలిగిపోయింది. "ఇక ఆ ఉద్యోగం నీదే అమ్మా" అన్నాడు మా బావ. ఆయనదేం పోయింది, అన్నాడు.

మర్నాడు సాయంత్రం ఆవిడ వచ్చింది. ఇస్త్రీ చేసిన బట్టలు ఇంకా అలాగే ఉన్నాయి. వచ్చి బెంచీ మీద కూర్చోకుండా నిలబడే ఉంది. ఏమైందని మా బావ అడిగాడు.

"ముగ్గురు ఉన్నారు" అంది. "పెద్ద నర్సు అడిగింది, నీ గురించి చెప్పు అని. నేను దుప్పట్లు ఉతుకుతాను అని చెప్పాను. ఆగాను."

మా బావ ముందుకి వంగాడు.

"వాళ్ళు చప్పట్లు కొట్టలేదు. నేను తప్పు చెప్పాను అనుకున్నాను. మళ్ళీ చెప్పాను, నేను దుప్పట్లు ఉతుకుతాను అని. మళ్ళీ కొట్టలేదు. నాకు భయం వేసింది. ఇంకేం చెప్పలేదు. వాళ్ళు కాసేపు నన్ను చూశారు. సరే వెళ్ళు అన్నారు."

చెప్పడం అయిపోయింది. అప్పుడు ఏం జరిగిందో చెబితే మీరు నమ్మరు. రంగులాయన చప్పట్లు కొట్టాడు. అలవాటు. అతన్ని చూసి బేకరీ ఆయన, అతన్ని చూసి అందరూ. మా బావ కూడా రెండు చేతులూ ఎత్తి కలిపాడు. రెండోసారి కలపబోతుండగా ఆవిడ మొహం చూశాడు. చేతులు గాలిలో అలాగే ఉండిపోయాయి. దొంగతనం చేస్తూ దొరికిపోయినవాడి చేతుల్లా ఉన్నాయవి. ఆవిడ సంచీ తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ రాత్రి భోజనం దగ్గర మా బావ అన్నం కెలుకుతూ కూర్చున్నాడు. నేనూ అక్కడే తిన్నాను. ఇంటికెళ్ళి తినొచ్చు, కానీ ఆయన ఓడిపోయిన మొహం చూసే అవకాశం రోజూ రాదుగా. ఆఖర్న, "రేపటి నుంచి క్లాసు మూసేస్తాను" అన్నాడు. భేష్ అందామనుకున్నాను, మా అక్క చూపు చూసి ఊరుకున్నాను.

"మూసేసి ఏం చేస్తారు?" అంది మా అక్క. "ఇంట్లో కూర్చుని నాకు కొడతారా చప్పట్లు? మీరు చప్పట్లు కొట్టేది ఎదుటివాళ్ళ మాట విని కాదండీ. వాళ్ళ మాట అయిపోయిందని. మొన్న కుళాయి కారుతోందని చెబితే భేష్ అన్నారు. కుళాయి ఇంకా కారుతూనే ఉంది."

ఆయన తల దించుకున్నాడు. కుళాయి చప్పుడు వంటింట్లోంచి వినబడుతోంది.

"ఆవిడకి చప్పట్లు కొట్టేవాళ్ళు దొరికారు. లోకంలో చప్పట్లు కొట్టనివాళ్ళే ఎక్కువ, వాళ్ళ ముందు మాట్లాడటం ఎవరు నేర్పుతారు?" అంది మా అక్క. "అక్కడ కూర్చుని, ఆవలిస్తూ, మొహం చిట్లించి, ఏం చెప్పినా అయితే ఏంటి అన్నట్టు చూసేవాడు ఒకడు కావాలి. అలాంటి దిక్కుమాలిన మొహం ఎక్కణ్ణుంచి తెస్తాం?"

అని తనే ఆగింది. నా వైపు చూసింది. మా బావ కూడా తలెత్తి నా వైపు చూశాడు. ఆయన నన్ను అంత ఆశగా చూడటం మా అక్క పెళ్ళయినప్పటి నుంచీ అదే మొదటిసారి.

"ఒరేయ్ తమ్ముడూ, రేపటి నుంచి ముందు కూర్చో" అంది.

"నేనేం చెయ్యాలి?"

"ఏమీ చెయ్యొద్దు. ఎలా ఉంటావో అలాగే ఉండు."

ఇంతకంటే అవమానం ఉంటుందా? అయినా ఒప్పుకున్నాను. మా బావ పద్ధతి తప్పని నా మొహంతో రుజువయ్యే అవకాశం వదులుకోవడం ఎందుకు?

ఆసుపత్రికి మనిషిని పంపి దుప్పట్లావిణ్ణి మళ్ళీ రప్పించారు. ఇంకో వార్డుకి కూడా ఒక మనిషి కావాలట, మళ్ళీ పిలుస్తారట. మా బావని చివరి బెంచీ మీద కూర్చోబెట్టి, చేతులు తొడల కింద పెట్టుకోమన్నాను. ఆయన బుద్ధిగా పెట్టుకున్నాడు. నేను ముందు కుర్చీలో, కాళ్ళు చాపుకుని కూర్చున్నాను. రంగులాయన లేచాడు. నన్ను చూశాడు. నిచ్చెనల్నీ భార్యనీ అందర్నీ మర్చిపోయి కూర్చున్నాడు. బేకరీ ఆయన రెండు మాటలు చెప్పి మంచినీళ్ళు తాగొస్తానని వెళ్ళి, క్లాసు అయిపోయేదాకా రాలేదు. తాళాలతో ఇన్నేళ్ళు కుస్తీ పట్టినా నాకు ఇంత పేరు ఎప్పుడూ రాలేదు.

దుప్పట్లావిడ లేచి, "నేను దుప్పట్లు ఉతుకుతాను" అంది. ఆగింది. నేను గోడ మీద బల్లిని చూశాను. ఆవిడ చివరి బెంచీ వైపు చూసింది. మా బావ తొడల కింద చేతులు కదులుతున్నాయి, కానీ బయటికి రాలేదు. "ఆయన మొహం అంతేనమ్మా, పుట్టుకతో వచ్చింది, నువ్వు చెప్పు" అని అక్కణ్ణుంచే గుసగుసలాడాడు. ఆవిడ కూర్చుంది. నాకు జాలి వేసింది. జాలి వేస్తే నా మూతి ఇంకా వంకర తిరుగుతుంది, అదొక దరిద్రం.

మర్నాడూ అంతే. ఆ మర్నాడు రెండు వాక్యాలు. ఒకరోజు మూడో వాక్యం దాకా వచ్చి, ఆగి, ఏడ్చింది. ఇది పనికొచ్చే వ్యవహారం కాదని నేను మా అక్కతో అన్నాను. "నువ్వు కూర్చో, నీ పని అంతే" అంది.

ఆసుపత్రిలో ఉతికే మిషన్లని ఊడదీయడం మొదలుపెట్టారు. ఇంటర్వ్యూకి పిలుపు వచ్చింది. ఆ సాయంత్రం ఆవిడ లేచి చెప్పడం మొదలుపెట్టింది. నాకు నిజంగానే విసుగొచ్చింది. అదే మాట ఇన్నిసార్లు విన్నాను మరి. కిటికీలోంచి చూస్తే కింద నా కొట్టు ముందు ఎవడో నిలబడి షట్టరు ఊపుతున్నాడు. తాళంచెవి పోగొట్టుకున్న మొహమే. నేను లేచాను.

"కూర్చోండి" అంది ఆవిడ.

నేను ఆగాను.

"నేను మాట్లాడుతున్నాను. మీ కొట్టు ఎక్కడికీ పోదు. నాది పోతుంది. కూర్చోండి."

కూర్చున్నాను. ఎందుకు కూర్చున్నానో నాకే తెలీదు. ఆవిడ గొంతు పెద్దదేం కాదు, మామూలుగానే ఉంది.

"మీ మొహం నాకు ఇష్టం లేదు. అయినా చెబుతాను. నేను దుప్పట్లు మోసుకుని వార్డుకి వెళ్తాను. గుమ్మం దగ్గర వాళ్ళు నన్ను ఆపుతారు. మా నాన్న ఎలా ఉన్నాడు, మా అబ్బాయి లేచాడా, అడుగుతారు. నేను లోపల చూసి వచ్చాను, నాకు తెలుసు. లేచాడు, మంచినీళ్ళు తాగాడు. కానీ చెప్పలేకపోయేదాన్ని. తలూపి వెళ్ళిపోయేదాన్ని. వాళ్ళు నా తల చూసి ఏదో అనుకుని ఏడ్చేవాళ్ళు. ఒకావిడ గోడకి కొట్టుకుని ఏడ్చింది. వాళ్ళాయన బాగానే ఉన్నాడు."

ఆగింది. ఈసారి చప్పట్ల కోసం కాదు, ఊపిరి కోసం. గదిలో ఎవరూ కదల్లేదు. కింద షట్టరు చప్పుడు ఆగిపోయింది, ఆ మనిషి విసిగిపోయి వెళ్ళిపోయాడు. చివరి బెంచీ మీద మా బావ అవస్థ చెప్పనలవి కాదు. నిశ్శబ్దం ఆయన ఒంటికి పడదు. చప్పట్లు కొడదామంటే చేతులు తొడల కింద ఉన్నాయి. చేతులు ఖాళీ లేకపోయేసరికి నోరు పనిచేసింది.

"తర్వాత ఆవిడకి ఎవరు చెప్పారమ్మా, ఆయన బాగానే ఉన్నాడని?"

ఆ గదిలో ఒక మనిషి ఇంకో మనిషిని ఒక ప్రశ్న అడగడం అదే మొదలు. అడిగినాయనే ఉలిక్కిపడ్డాడు. ఆవిడ ఆయన వైపు తిరిగి జవాబు చెప్పింది. ఎవరూ చెప్పలేదట. సాయంత్రం దాకా ఆవిడ అలా ఏడుస్తూనే ఉందట. దానికి రంగులాయన ఏదో అడిగాడు. బస్సులు కడిగే ఆయన కూడా అడిగాడు. ఈసారి అతను అడిగింది అందరికీ అర్థమైంది. ఆవిడ నిలబడే అన్నిటికీ జవాబులు చెప్పింది. నన్ను ఎవరూ పట్టించుకోలేదు. నేను అలవాటు కొద్దీ మొహం పెట్టుకుని కూర్చున్నాను.

ఇంటర్వ్యూ అయిన రోజు సాయంత్రం ఆవిడ ఆలస్యంగా వచ్చింది. అందరూ ముందే వచ్చి కూర్చున్నారు. మా అక్క కూడా వచ్చింది, కుళాయి బాగుచేసేవాడి కోసం వచ్చానని సాకు చెప్పింది. మా బావ తొడల కింద చేతులు పెట్టుకోవడం మర్చిపోయాడు. ఆవిడ సంచీ బెంచీ మీద పెట్టి, ఎవరూ లెమ్మనకుండానే ముందుకొచ్చి నిలబడింది. మొహం చూసి ఏమీ తెలుసుకోలేకపోయాను.

"ముగ్గురూ వాళ్ళే. నేను మాట్లాడుతుంటే ఒకాయన ఫోను చూసుకున్నాడు. పెద్ద నర్సు తల ఎత్తకుండా ఏదో రాసుకుంది. ఇంకొకాయన ఆవలించాడు. నేను ఆగలేదు. ఎందుకంటే..." అని నా వైపు చెయ్యి చూపించింది. "ఈయన మొహం ముందు అవన్నీ దేవుడి మొహాలు."

గది గొల్లుమంది. మా అక్క అయితే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ నవ్వులోనే చప్పట్లు మొదలయ్యాయి, రంగులాయనవి, బేకరీ ఆయనవి, అందరికంటే గట్టిగా మా బావవి.

ఆవిడ అరచెయ్యి పైకెత్తింది.

"ఆగండి. నేనింకా పూర్తి చెయ్యలేదు."

చప్పట్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఆఖర్న ఆగినవి మా బావవి. ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆవిడ వైపు చూస్తూ ఉండిపోయాడు. తన వీడ్కోలు సభలో ఆ ఒక్కమాట అనడం ఆయనకి చేతకాలేదు. అది ఆయనకి అప్పుడు గుర్తొచ్చిందో లేదో నాకు తెలీదు, నాకు మాత్రం గుర్తొచ్చింది.

ఆవిడ తీరిగ్గా చెప్పింది. వాళ్ళేం అడిగారో, తనేం చెప్పిందో. ఒక ప్రశ్న అర్థం కాకపోతే మళ్ళీ అడగమందట. వాళ్ళు మళ్ళీ అడిగారట. గోడకి కొట్టుకుని ఏడ్చినావిడ సంగతి చెబితే పెద్ద నర్సు రాయడం ఆపి తల ఎత్తిందట. ఆ ఆడమనిషి తనకి గుర్తుందందట.

"ఉద్యోగం ఇచ్చారు. సోమవారం నుంచి రమ్మన్నారు. మా అమ్మాయి బడి మానక్కర్లేదు" అంది.

ఒక్కడు కూడా చప్పట్లు కొట్టలేదు. ఇన్నాళ్ళూ కిటికీ మూయమన్నా కొట్టినవాళ్ళు, కొట్టాల్సిన చోటికి వచ్చేసరికి బిక్కమొహాలు వేసుకుని కూర్చున్నారు. ఇంకా పూర్తయిందో లేదో తెలీదు కదా పాపం. ఇలాంటి తెలివైన మనుషుల్ని తయారుచేసింది మా బావ.

ఆయనే చివరికి, చెయ్యెత్తి, చిన్న గొంతుతో అడిగాడు. "అయిందా అమ్మా? ఇప్పుడు కొట్టచ్చా?"

ఆవిడ కాస్త ఆలోచించింది.

"వద్దు మాస్టారూ. ఏదైనా అడగండి."

అడిగారు. ఏ వార్డని రంగులాయన అడిగాడు. కూర్చోడానికి కుర్చీ ఇస్తారా అని బేకరీ ఆయన అడిగాడు. క్లాసుకి ఇక రావా అని మా బావ అడిగాడు, అడిగేటప్పుడు గొంతు కాస్త తడబడింది. ఆయన గొంతు తడబడటం మైకులో కూడా ఎప్పుడూ వినలేదు. సాయంత్రం డ్యూటీ లేని రోజుల్లో వస్తానంది ఆవిడ. బేకరీ ఆయనకి వచ్చే నెల ఏదో ఇంటర్వ్యూ ఉందట, అప్పటిదాకా ముందు కుర్చీ తియ్యొద్దని చెప్పింది.

అందరూ అడగడం అయిపోయింది. నన్ను కూడా ఏదో ఒకటి అడగమన్నట్టు చూశారు. నాకు తెలుసుకోవాలని ఉన్నది ఒకటే.

"ఆ ఆవలించినాయన" అన్నాను. "నిజంగా అతని మొహం కూడా నా కంటే నయమా?"

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. మొదటిరోజు బెంచీ చివర సంచీ పట్టుకుని కూర్చున్న మనిషి ఆ చూపులో ఎక్కడా లేదు.

"చాలా" అంది.